ఆకర్షణ తెలిసినవాళ్ళకి అట్రాక్షన్ కొత్త కాదు

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర కాసేపు నిలబడి జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్, బ్యాంకు పరీక్షల ఇంగ్లీష్ పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తరచూ కంటపడుతుంది. మాటల జాబితా మొదలయ్యే పేజీల్లో, 'ఎ' అక్షరం కింద, ప్రతి మాట పక్కనా పెన్సిల్ టిక్కు ఉంటుంది. సన్నటి అక్షరాలతో తెలుగు అర్థం కూడా రాసి ఉంటుంది. 'బి' దగ్గరికి వచ్చేసరికి టిక్కులు పలచబడతాయి. 'సి' సగంలో ఆగిపోతాయి. అక్కణ్ణుంచి చివరిదాకా పేజీలు కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. రోజుకి ఇరవై మాటలు, నెలకి ఆరువందలు అని లెక్క వేసుకుని కూర్చున్న పిల్లలు వాళ్ళు. లోపం జాబితాలోనే ఉంది. అక్షరక్రమంలో పక్కపక్కన పడ్డ అబేట్, అబెట్, అబ్‌హార్, అబ్జ్యూర్ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ అర్థాలు వేటికవే. నిజంగా చుట్టాలైన మాటలేమో ఒకటి 'సి'లో, ఒకటి 'డి'లో, ఇంకొకటి 'పి'లో చెల్లాచెదురుగా ఉంటాయి. పెళ్ళికి వచ్చినవాళ్ళని ఇంటిపేర్లు చెప్పకుండా అక్షరక్రమంలో కూర్చోబెడితే ఎవరు ఎవరికి ఏమవుతారో కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అక్షరక్రమం మాటని వెతుక్కోవడానికి చేసిన ఏర్పాటు. నేర్చుకోవడానికి మాటల ఇంటిపేర్లు తెలియాలి.

ఆ ఇంటిపేర్లు పట్టుకోవడంలో తెలుగు చదువుకున్న విద్యార్థికి ఒక పెద్ద ఆధారం ఉంది. తెలుగు మీడియంలో చదివినందుకు ఇంగ్లీష్‌లో వెనకబడ్డామని బాధపడే పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పకపోవడం చాలా బాధాకరం.

హైస్కూల్ వ్యాకరణంలో తత్సమం, తద్భవం, దేశ్యం అని చదువుకుంటాం. ఇల్లు దేశ్యం, గృహం తత్సమం. కన్ను మనది, నేత్రం సంస్కృతం నుంచి వచ్చింది. ఇంట్లో కన్ను నొప్పి అంటాం, బోర్డు మీద నేత్ర వైద్యశాల అని రాస్తాం. ఇంగ్లీష్ కూడా అచ్చం ఇలాగే రెండంతస్తుల భాష. ఇంట్లో వాడే ఐ, హౌస్, వాటర్ లాంటి మాటలు ఆ భాష సొంతం. కంటికి సంబంధించినది అనాల్సి వస్తే మాత్రం లాటిన్ నుంచి తెచ్చుకున్న ఆక్యులర్, గ్రీకు నుంచి తెచ్చుకున్న ఆఫ్తాల్మిక్ దిగుతాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కొన్ని తరాలపాటు కోటలో, కోర్టులో ఫ్రెంచ్ నడిచింది. తర్వాత పండితులు లాటిన్, గ్రీకు గ్రంథాల నుంచి నేరుగా మాటలు తెచ్చిపెట్టారు. ఇవాళ ఇంగ్లీష్ నిఘంటువులో సగానికి పైగా మాటలు లాటిన్, ఫ్రెంచ్ మూలాలవే. పరీక్షల్లో భయపెట్టే అడ్వాన్స్‌డ్ వొకాబ్యులరీ అంటే చాలా వరకు ఇంగ్లీష్ వాళ్ళ తత్సమాలే.

వాళ్ళకి తద్భవాలు కూడా ఉన్నాయి. మనకి ఆకాశం, ఆకసం ఎలాగో, వాళ్ళకి ఫ్రాజైల్, ఫ్రెయిల్ అలాగ. రెండింటికీ మూలం 'విరిగిపోయేది' అనే ఒకే లాటిన్ మాట. ఫ్రాజైల్ పుస్తకం నుంచి నేరుగా వచ్చింది కాబట్టి రూపం చెడలేదు. ఫ్రెయిల్ ఫ్రెంచ్ వాళ్ళ నోళ్ళలో నాని, అరిగి వచ్చింది. అందుకే గాజు సామాను పెట్టె మీద ఫ్రాజైల్ అని రాస్తారు, వయసు మీదపడి బలహీనపడ్డ మనిషిని ఫ్రెయిల్ అంటారు. పోషన్, పాయిజన్ కూడా అలాంటి జంటే. లాటిన్‌లో 'తాగేది' అనే ఒక్క మాట రూపం పెద్దగా చెడకుండా వచ్చి ఔషధపు పానీయం అయింది, నలిగి వచ్చి విషం అయింది.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్దాం. సీజన్లో అక్కడ కనిపించే ట్రాక్టర్‌ని తీసుకోండి. లాటిన్‌లో 'లాగు' అనే క్రియ నుంచి 'ట్రాక్ట్' వచ్చింది. ట్రాక్టర్ అంటే లాగేది, అంతే. ఈ ఒక్క ముక్క చేతికి చిక్కితే మిగతావి వాటంతట అవే విప్పుకుంటాయి. తనవైపు లాగితే అట్రాక్ట్. బయటికి లాగితే ఎక్స్‌ట్రాక్ట్. మనసుని పక్కకి లాగితే డిస్ట్రాక్ట్. అన్న మాటని వెనక్కి లాక్కుంటే రిట్రాక్ట్. ఒకరి గొప్పని కిందికి లాగితే డిట్రాక్ట్. ముందుకి లాగుతూ పోతే ప్రొట్రాక్ట్. మన సాగదీత అన్నమాట. ఏళ్ళ తరబడి సాగే సివిల్ కేసుని ప్రొట్రాక్టెడ్ లిటిగేషన్ అంటే ఆ విసుగు మొత్తం మాటలోనే వినిపిస్తుంది. ఎంత లాగినా కదలనిది ఇన్‌ట్రాక్టబుల్. మొండి పిల్లాడికైనా, తెగని నీటి తగాదాకైనా ఆ మాట సరిపోతుంది.

ఇదంతా ఎక్కడో చూసినట్టు అనిపించకపోతే ఆశ్చర్యమే. సంస్కృతంలో 'కృష్' ధాతువుకి లాగడం, దున్నడం అని అర్థాలు. నాగలి లాగి దున్నేది కృషి, దున్నేవాడు కర్షకుడు. 'ఆ' అనే ఉపసర్గ తగిలిస్తే ఆకర్షణ, అంటే తనవైపు లాక్కోవడం. అట్రాక్షన్‌కి కట్టుబడిలో ముక్కకి ముక్క ఇదే. 'నిస్' చేరిస్తే నిష్కర్ష, బయటికి లాగి తేల్చినది. కుండబద్దలు కొట్టినట్టు నిష్కర్షగా చెప్పాడు అని రోజూ అనేవాళ్ళకి ఎక్స్‌ట్రాక్ట్ నిర్మాణం కొత్తగా నేర్పాలా? ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని ఒకే ధాతువు చుట్టూ ఉపసర్గలు మారితే అర్థం ఎలా మారిపోతుందో స్కూల్లోనే చూశాం. ఇంగ్లీష్ ప్రిఫిక్స్ చేసేదీ అదే పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'కృష్'కీ 'ట్రాక్ట్'కీ రక్తసంబంధం లేదు. రెండు ఊళ్ళలో ఇద్దరు మేస్త్రీలు ఒకే పద్ధతిలో ఇల్లు కట్టినట్టు రెండు భాషలూ మాటని ఒకే తీరులో కట్టాయి. నిజంగా రక్తసంబంధం ఉన్న మాటలు వేరే ఉన్నాయి.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే బ్రిటిష్ జడ్జి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రకటించాడు. 1822లో జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్, ఆ పాత ధ్వనులు ఇంగ్లీష్, జర్మన్ వైపు వచ్చేసరికి ఒక క్రమంలో మారాయని వివరంగా చూపించాడు. 'ప' కాస్తా 'ఫ' అవుతుంది, 'ద' కాస్తా 'ట' అవుతుంది. పాదం చూడండి. 'ప' ఫ అయి, 'ద' ట అయి, ఫుట్ అయింది. లాటిన్‌లో ఆ మార్పు జరగలేదు కాబట్టి అక్కడ 'పెడ్' గానే ఉండిపోయింది. ఇంగ్లీష్ వాళ్ళు దాన్ని తర్వాత అరువు తెచ్చుకున్నారు. అందుకే ఒకే భాషలో ఫుట్ ఉంది, పెడల్ ఉంది, పెడెస్ట్రియన్ కూడా ఉంది. కాళ్ళకి అడ్డం పడితే ఇంపీడ్, కాళ్ళకి చిక్కులు తీసేసి ముందుకి తోస్తే ఎక్స్‌పిడైట్. దంతం కూడా అంతే, టూత్ ఒకవైపు, డెంటిస్ట్ ఇంకోవైపు. దశ, టెన్, డెసిమల్. జ్ఞానం, తెలుసు అనే అర్థమున్న నో (know), ఇగ్నొరెంట్. నో అనే మాటలో పలక్కపోయినా రాసే 'కె' అక్షరం ఊరికే అక్కడ లేదు. జ్ఞానంలోని తొలి ధ్వనికి అది గుర్తు.

విజయవాడలో ఏ ఫ్లెక్సీ మీద చూసినా హార్దిక శుభాకాంక్షలు కనిపిస్తాయి. హృదయం నుంచి హార్దికం. లాటిన్‌లో హృదయానికి ఉన్న మాట నుంచి కార్డియల్. ఇవి రక్తసంబంధీకులే, అర్థం కూడా తేడా లేదు. అనామకుడు అనే మాటని గ్రీకు వైపు నుంచి చూస్తే ఎనానిమస్. లేదు అనే ముక్కా అదే, పేరు అనే ముక్కా అదే. లాటిన్ వైపు ఆ నామమే పోతే ఇగ్నొమినీ, అంటే ఉన్న పేరు పోవడం, పరువు పోవడం. ఇంకా ముచ్చటైనది ప్రీకోషస్. వయసుకి మించిన తెలివి చూపించే పిల్లల్ని అలా అంటారు. ముందు అనే ముక్కకి ఉడకడం, పండడం అనే ముక్క కలిపారు. అంటే ముందే పక్వానికి వచ్చినవాడు. పక్వం, పాకం, పరిపక్వత, రెండుసార్లు కాల్చినది అనే అర్థంతో వచ్చిన బిస్కెట్, అన్నిటిదీ ఒకే వేరు. ఈ పిల్ల ముదురు అనడం వెనక తెలుగువాళ్ళు చూసిన బొమ్మనే లాటిన్ వాళ్ళూ చూశారు.

అయితే ఇది తెలుగులో చేరిన సంస్కృత పదాల వరకే. నీళ్ళు, ఇల్లు, కన్ను, చెయ్యి లాంటి మాటలకి లాటిన్‌తో చుట్టరికం వెతకడం వృథా ప్రయాస. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వేరే కుటుంబమని మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి 1816లోనే రాశాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ రాసిన పేరున్న వ్యాకరణం వచ్చింది 1856లో, అంటే నలభై ఏళ్ళ తర్వాత. ఎల్లిస్ రాసిన ఆ మాటలు అచ్చయింది ఒక తెలుగు వ్యాకరణ పుస్తకానికి ముందు భాగంగా. తెలుగువాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చుట్టరికం లేనిచోట కూడా దేశ్యపు తెలుగు బాగా అక్కరకొస్తుంది. 'స్పెక్ట్' కుటుంబమే ఉదాహరణ. లాటిన్‌లో చూడటం అని అర్థం. తెలుగులో చూపు అనే మాట ఎన్ని వేషాలు వేస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకుని ఆ పక్కనే ఇవి పెట్టండి. ప్రాస్పెక్ట్ అంటే ముందుచూపు, ముందు కనబడుతున్న అవకాశం. ఇంట్రోస్పెక్షన్ అంటే తన లోపలికి తాను చూసుకోవడం. సస్పెక్ట్ అంటే కిందనుంచి, చాటుగా చూడటం, అచ్చంగా ఓరచూపు. డిస్పైజ్ అంటే కిందికి చూడటం. చిన్నచూపు అనే మాటకి ఇంతకంటే దగ్గరి మాట ఇంగ్లీష్‌లో దొరకదు. రెస్పెక్ట్ అంటే వెనక్కి తిరిగి చూడటం. ఎదురుపడ్డ మనిషిని దాటిపోకుండా ఆగి మళ్ళీ చూశామంటే ఆయన్ని లెక్కలోకి తీసుకున్నట్టే కదా. సర్కమ్‌స్పెక్ట్ అంటే చుట్టూ చూసుకునేవాడు, ఆచితూచి అడుగు వేసేవాడు. రద్దీగా ఉండే విజయవాడ బెంజి సర్కిల్‌లో రోడ్డు దాటే మనిషిని ఊహించుకుంటే ఈ మాట మళ్ళీ మరిచిపోవడం కష్టం. పెర్స్పికేషస్ అంటే పైపై తెరని దాటి లోపలికి చూడగలిగినవాడు. ఎదుటి మనిషి చెప్పకుండానే విషయం పసిగట్టే ఇంటి పెద్దమ్మల్లాంటివాళ్ళు.

జాబితాలో ఈ మాటలు ఏడు చోట్ల ఉంటాయి. కుటుంబంగా చూస్తే ఒక్క కూర్పులో వస్తాయి. స్పష్టం అనే సంస్కృత పదం కూడా ఈ ఇంటిదే. గూఢచారిని సంస్కృతంలో స్పశుడు అంటారు, ఇంగ్లీష్‌లో స్పై అంటారు. పోలిక యాదృచ్ఛికం కాదు.

కృష్ణ ఒడ్డున ఇంకో పాఠం ఉంది. బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన పాత కట్టడాన్ని ఇంగ్లీష్ ఇంజనీర్లు తమ కాగితాల్లో అనికట్ అని రాసుకున్నారు. తమిళంలో అణైక్కట్టు, తెలుగులో ఆనకట్ట. పని మన నేల మీద జరిగింది కాబట్టి మాట కూడా ఇక్కణ్ణుంచే తీసుకున్నారు. దాని స్థానంలో 1957లో వచ్చినది ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ ఫ్రెంచ్ మాట. అడ్డంగా వేసిన కమ్మీ లేదా గడియ అని అర్థం ఉన్న 'బార్' నుంచి వచ్చింది. కోర్టులో అడ్డుగా ఉండే కమ్మీకి కూడా బార్ అనే పేరు. ఆ బార్ దగ్గర నిలబడి వాదించే హక్కు సంపాదించినవాడు బారిస్టర్. టంగుటూరి ప్రకాశం పంతులు బారిస్టర్. అంటే ఆయన బిరుదు, ఆయన పేరు పెట్టిన కట్టడం, రెండూ ఒకే మాట నుంచి పుట్టాయి. బారియర్, సరుకు రవాణాని ఆపేసే ఎంబార్గో కూడా ఆ కుటుంబమే. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు ముందుకి రాకుండా అడ్డుగోడలా ఫిరంగులు పేల్చడాన్ని బ్యారేజ్ అన్నారు. అందులోంచే విలేకరుల ప్రశ్నల వర్షానికి బ్యారేజ్ ఆఫ్ క్వశ్చన్స్ అనే వాడుక పుట్టింది. రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా గుంటూరు వైపు వెళ్ళే విద్యార్థికి ఈ కథ ఒక్కసారి చెబితే చాలు.

ఇలా మన వైపు నుంచి వెళ్ళినవి ఇంకా ఉన్నాయి. బాండికూట్ అంటే పందికొక్కు, ఇందులో ఎవరికీ అనుమానం లేదు. గోడౌన్ మలయ్ భాష మీదుగా ఇంగ్లీష్‌కి చేరింది. దాన్ని తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు దాకా తీసుకొచ్చే నిఘంటుకారులు ఉన్నారు. మేస్త్రీ మాత్రం పోర్చుగీసువాళ్ళు తెచ్చినది. లాటిన్‌లో పెద్దవాడు అనే అర్థం ఉన్న మాజిస్టర్ దాని మూలం. మాస్టర్, మాజిస్ట్రేట్ దాని తోబుట్టువులు. మినిస్టర్ అనే మాటకి మూలమేమో చిన్నవాడు, సేవకుడు. అడ్మినిస్టర్ అంటే సేవ చేయడం, మినస్క్యూల్ అంటే మరీ చిన్నది. సచివాలయం కట్టిన మేస్త్రీ పెద్దవాడనీ, అందులో కూర్చునే మంత్రి సేవకుడనీ ఆ రెండు మాటలూ చెబుతున్నాయి.

వేళ్ళు వెతకడంలో ఉన్న ఆనందమే మనల్ని తప్పుదారి కూడా పట్టిస్తుంది. మస్లిన్ అనే సన్నబట్ట పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని మన వైపు చాలామంది గర్వంగా చెబుతారు. మచిలీపట్నం అద్దకం బట్టలకి ఉన్న పేరు నిజం. మస్లిన్ మాత్రం ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరు మీద ఇటాలియన్, ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అక్షరాల కూర్పు అని వాట్సాప్‌లో తిరిగే ముచ్చట కూడా అంతే. న్యూ అనే మాటకి బహువచనం అది. రెండు మాటలు వినడానికి ఒకేలా ఉన్నాయని చుట్టరికం కలిపేయకూడదు. ధ్వని మార్పు క్రమంలో ఉందా, మాట ఏ దారిలో ప్రయాణించిందో పుస్తకాల్లో ఆనవాలు ఉందా అని చూడాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం, పుట్టినప్పటి అర్థాన్నే ఇప్పటి అర్థం అనుకోవడం. నైస్ ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థంలో ఉండేది. ఎగ్రీజియస్ అంటే మందలోంచి విడిగా నిలిచినది. ఒకప్పుడు మెచ్చుకోలు మాట, ఇప్పుడు ఘోరమైన తప్పుని అలా అంటారు. వేరు మాత్రమే చదువుకుని, మా నాయకుడు ఎగ్రీజియస్ అని రాస్తే పొగడబోయి తిట్టినట్టవుతుంది. మనకీ ఇది కొత్త కాదు. కంపు అనే మాటకి పాత కావ్యాల్లో సువాసన అనే అర్థం కూడా ఉంది. ఇవాళ పెళ్ళిపందిట్లో పూలు కంపు కొడుతున్నాయి అని ఎవరైనా అంటారా?

కాబట్టి వేరు తెలుసుకున్నాక ఆ మాట ఇవాళ ఏ వాక్యంలో కూర్చుంటుందో చూడటం తప్పనిసరి. జీఆర్ఈ కూడా 2011లో వ్యతిరేకపదాలు, పోలికల ప్రశ్నలు తీసేసింది. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి సరిపోయే మాట అడుగుతోంది. అర్థం ఒక ముక్కలో బట్టీపట్టినవాళ్ళకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

పద్ధతి పెద్దదేమీ కాదు. ఒక నోట్‌బుక్కులో పేజీకి ఒక వేరు. మధ్యలో ట్రాక్ట్ అని రాసి, దొరికిన కొద్దీ మాటలు చుట్టూ చేర్చుకుంటూ పోవాలి. ఒక్కొక్క మాటకీ ఒక సొంత వాక్యం రాయాలి, అదీ తన ఇంట్లోనో వీధిలోనో జరిగిన దాని గురించి. పుస్తకంలోని వాక్యం ఎత్తిరాస్తే మాట మనది కాదు. పక్కన తెలుగు అర్థం రాసేటప్పుడు గైడులో ఉన్న బరువైన మాట కాకుండా నోట్లో ఆడే మాట రాయాలి. సర్కమ్‌స్పెక్ట్ ఎదురుగా పరిజ్ఞానపూర్వక జాగరూకత అని రాసుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన కష్టాలు రెండవుతాయి. ఆచితూచి అని రాస్తే పని అయిపోతుంది. వారానికి రెండు వేళ్ళు చాలు. ఏడాదికి వంద వేళ్ళు, ఒక్కొక్కదానికి ఆరేడు మాటలు వేసుకున్నా ఆరువందల పైమాటే. పైగా నిన్నటి మాట ఇవాళ్టి మాటకి ఆసరాగా ఉంటుంది.

సాధన చేయడానికి గుంటూరు కొత్తపేట కంటే మంచి చోటు దొరకదు. వీధి పొడుగునా ఆసుపత్రుల బోర్డులే. కార్డియాలజీలో హృదయం, నెఫ్రాలజీలో మూత్రపిండం, డెర్మటాలజీలో చర్మం. అవి చదువుకుంటూ పీడియాట్రిక్స్ దగ్గరికి వచ్చేసరికి పాదం గుర్తుకొచ్చి చాలామంది జారిపోతారు. పెడల్‌లోని 'పెడ్' లాటిన్ పాదం. పీడియాట్రిక్స్‌లోది గ్రీకు మాట, పిల్లవాడు అని అర్థం. ఇప్పుడు ఆ పక్కనే ఉన్న ఆర్థోపెడిక్ బోర్డు చూడండి. ఎముకలు, కాళ్ళు గుర్తుకొస్తాయి కాబట్టి పాదమే అనిపిస్తుంది. అక్కడా పిల్లవాడే. పిల్లల వంకర్లు సరిచేసే విద్య అనే అర్థంలో 1741లో ఫ్రెంచ్ వైద్యుడు నికొలా ఆండ్రీ ఆ మాట కట్టాడు. తిన్నగా అనే గ్రీకు ముక్కని పిల్లవాడు అనే ముక్కతో కలిపాడు. తర్వాత ఆ విద్య అన్ని వయసులవాళ్ళ ఎముకలకీ విస్తరించింది, పేరు మాత్రం అదే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పితో ఆ బోర్డు కింద బెంచీ మీద కూర్చున్న డెబ్భై ఏళ్ళ తాతగారి తల మీద ఇప్పటికీ ఆ పిల్లవాడు ఉన్నాడు.